మున్సిఫు దరఖాస్తుకు ముందు ఒక కొడవలి కేసు

జడ్జి కావాలంటే ఏమేమి చేయాలని మా వీధి పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు. ఇప్పుడు పద్ధతులు కొన్ని మారాయి గాని, మా కాలంలో ఉన్న వరుస చెబుతాను. ముందు డిగ్రీ, తరువాత లా, వకీలుగా సన్నదు తీసుకొని నల్లకోటు వేసుకోవడం, కోర్టులో మూడేళ్ల ప్రాక్టీసు, ప్రాక్టీసు చేసినట్లు జిల్లా జడ్జి ఇచ్చే సర్టిఫికెట్టు, మొదటి మెట్టు జడ్జి అయిన మున్సిఫు పోస్టుకు పరీక్ష, ఇంటర్వ్యూ. పిల్లలు తలలూపుతారు. సర్టిఫికెట్టు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నా అరచేతులు తడుస్తాయి. ఆ సంగతి వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

చిత్తూరు జిల్లా నగరిలో మాది మగ్గాల ఇల్లు. పదో తరగతి కాగానే నేనూ మా నాయన పక్కన మగ్గం గుంటలో కూర్చున్నాను. సాయంత్రం నూలు కంటికి ఆనని వేళకు మగ్గం ఆపి శాఖా గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. నవలలు, చరిత్రలు, ప్రయాణాల పుస్తకాలు అన్నీ అయిపోయాక ఎవరూ తాకని అడుగు అర ఒకటి మిగిలింది. ఎవరో వకీలు పోతే ఆయన ఇంటివాళ్లు తెచ్చి ఇచ్చిన చట్టాల పుస్తకాలు అందులో ఉండేవి. అంచులు చెదలు తిన్నాయి గాని అక్షరాలు బాగానే ఉన్నాయి. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకొని క్రిమినల్ ప్రొసీజర్ కోడు మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టాను. సగం అర్థమయ్యేది కాదు. అర్థమైన సగంలో నాకు ఏ కథలోనూ దొరకని రుచి ఉండేది. అన్యాయం ఏయే సందుల్లో దూరగలదో ఎవరో ముందే కూర్చొని ఆలోచించి, ఒక్కో సందుకు ఒక్కో తలుపు బిగించినట్లు తోచేది.

సెక్షన్లు అంకెలతో సహా నోటికి వచ్చేశాయి. మగ్గం నేస్తూ పద్యాల్లాగా అప్పజెప్పుకునేవాణ్ణి. ఏందిరా ఆ మంత్రం అని మా నాయన ఒకసారి అడిగితే, దొంగను ఎప్పుడు పట్టుకోవచ్చో, ఎప్పుడు పట్టుకోకూడదో చెప్పే చట్టమన్నాను.

"మనింట్లో దొంగోడు ఎత్తకపొయ్యేదానికి ఏముండాదిరా? ముందు ఆ పడుగు తెగకుండా సూసుకో" అన్నాడు.

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పెద్దాయన మాత్రం, ఇంత చదివేవాడివి పరీక్షలు రాస్తే ఏమని వెంటబడ్డాడు. ఆయన మాట మీద ప్రైవేటుగా ఇంటరు, బి.ఎ. కట్టి పాసయ్యాను. తరువాత తిరుపతిలో ఒక బట్టల కొట్లో పనిచేస్తూ లా చదివాను. అక్కడ చేరిన మొదటి వారంలోనే తెలిసింది, నేను కంఠస్థం చేసిన కోడు అప్పటికే రద్దయిపోయిందని. కొత్త కోడులో చాలా మటుకు సంగతులు అవే, అంకెలు మారాయి. ఊరంతా అదే ఊరుగా ఉండి, ఇళ్ల నంబర్లన్నీ ఎవరో మార్చేసినట్లుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. లైబ్రరీ చదువు నాకు గర్వం. నాకంటే ఎక్కువ పుస్తకాలు చదివినవాడు ఆ క్లాసులో లేడు. ఆ గర్వం చిత్తూరు కోర్టు గుమ్మం దాకా నాతో వచ్చింది. లోపలికి రాలేదు.

ఎందుకంటే నాకు ఇంగ్లీషు కళ్లతో వచ్చు, నోటితో రాదు. నేను చదివిన మాటలను ఎవరి నోటా వినలేదు. కోర్టులో నిలబడితే మోకాళ్లలో సన్నగా వణుకు మొదలై గొంతు దాకా ఎక్కేది. నేను జూనియరుగా చేరిన సీనియరు వకీలుకు పెద్ద ప్రాక్టీసు. ఆయన వెనకాల కూర్చోవడం, ఫైళ్లు అందించడం, పొద్దున కేసులు పిలిచేటప్పుడు లేచి వాయిదా అడగడం నా పని. చదివి నోట్సు రాసిపెట్టమంటే ఆనందంగా రాసేవాణ్ణి. ఆ నోట్సుతో ఆయన వాదించి గెలిస్తే నేనే గెలిచినట్లు పొంగిపోయేవాణ్ణి. లేచి వాదించమంటే మాత్రం ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. మూడేళ్లూ అట్లాగే గడిచాయి.

ఆ ఏడు మున్సిఫు పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవాణ్ణి కాబట్టి నాకు వయోపరిమితి ఆ ఏడాదితో సరి. మరో అవకాశం లేదు. దరఖాస్తు నింపి, సర్టిఫికెట్టు కాగితం టైపు చేయించుకొని, జిల్లా జడ్జి గారి ఛాంబరుకు వెళ్లాను. ఆయనది గోదావరి వైపు. తక్కువ మాట్లాడే మనిషి. కాగితం చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"మీరు వాయిదాలు అడగడం మూడేళ్లుగా వింటున్నానండీ. వాదించడం ఒక్కసారీ వినలేదు. వినని దానికి సంతకం ఎలా పెట్టమంటారు?"

ఆయన గంట కొట్టి బెంచి గుమాస్తాను పిలిచారు. వకీలును పెట్టుకోలేని ముద్దాయికి కోర్టే ప్రభుత్వ ఖర్చు మీద ఒక వకీలును ఇస్తుంది. అట్లాంటి సెషన్స్ కేసు ఒకటి వచ్చే సోమవారం ఆయన ముందరే విచారణకు ఉంది. అది నాకివ్వమన్నారు. ఆ కేసు ముగిశాక సర్టిఫికెట్టుకు రమ్మన్నారు. దరఖాస్తు గడువు ఆ నెలాఖరు.

కేసు ఇది. చంద్రగిరి దగ్గరి పల్లెలో ఇద్దరు దాయాదులకు కాలవ నీళ్ల వంతు మీద తగాదా. ఒకడు కొడవలితో రెండోవాడి భుజం నరికాడు. నరికించుకున్నవాడు బతికాడు. పోలీసులు హత్యాప్రయత్నం కింద పెట్టారు. రుజువైతే పదేళ్లు పడినా అడిగేవాడు లేడు. ముద్దాయి ఇంటికి పోయి కొడవలి తెచ్చి మరీ నరికాడని, అంటే చంపాలనే వచ్చాడని, వాళ్ల వాదన. కేసంతా ఆ కొడవలి చేతికి ఎట్లా వచ్చిందన్న దాని మీద ఉంది.

చిత్తూరు జైల్లో ముద్దాయిని చూశాను. నా ఈడువాడే. ఇంటికి పోయి తెచ్చావా అని అడిగాను. పోలేదని, పొద్దుటి నుంచి పశువులకు మేత కోస్తూనే ఉన్నానని, వంతు మళ్లించినారని కేక వినిపిస్తే కోస్తున్న కొడవలితోనే పోయానని చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో, అయితే చంపే ఉద్దేశం లేదన్నమాట అన్నాను.

"ఏమో సామీ. అప్పుడు నాకేం తెలిసింది. సేతిలో కొడవలి ఉండె. అది లేకుంటే రాయి తీసుకొనుందును."

నేను ఆ మాట రాసుకోలేదు. కానీ విన్నాను.

బయట ఆయన భార్య కాచుకొని ఉంది. ఊరి నుంచి పొద్దున బస్సుకు వచ్చిందట. నేను వకీలునని తెలిసి నా ముఖం కేసి చూసింది. ధైర్యం చెబుతానేమోనని కాబోలు. నా ముఖంలో అది ఎంత మాత్రం ఉందో నాకు తెలుసు. అందుకని కిందికి చూస్తూ మాట్లాడాను.

మా సీనియరు వకీలు నా స్థితి కనిపెట్టాడు. ఆయన ఇంటి వరండాలో కూర్చోబెట్టి టీ ఇప్పించి, చిత్తూరు వకీళ్లందరికీ తెలిసిన ఉపాయమే నాకు చెప్పాడు.

"నీకు కావాల్సింది సంతకమప్పా. నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడుగు, కూసో. ఆ జడ్జి ఆయప్పతో మాత్రం ఎదురు మాట్లాడొద్దు. కోర్టుకు కోపమొస్తే నీ మున్సిఫుగిరీ ఆడనే ఐపాయె."

నేను ప్రశ్నలు నాలుగు కాదు, రెండు పుటల నిండా రాశాను. సాక్షిని అడ్డు ప్రశ్నలు ఎట్లా అడగాలో చెప్పే పుస్తకాలు జిల్లా గ్రంథాలయంలో ఉన్నవన్నీ తిరగేశాను. సాక్షి ఎంత దూరంలో ఉన్నాడు, వెలుతురు ఎట్లా ఉంది, కంటిచూపు ఎట్లా ఉంది, పోలీసులకు ఎప్పుడు చెప్పాడు. ఆదివారమంతా గదిలో గోడకు ఎదురుగా నిలబడి అడిగాను. గోడ ముందర గొంతు వణకలేదు.

సోమవారం వణికింది. నల్లకోటు లోపల చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముద్దాయి బోనులో నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవడానికి కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

ముఖ్యమైన సాక్షి పక్క మడి రైతు. ముసలాయన. దాయాదులిద్దరు గాక ఆ గొడవను కళ్లారా చూసింది ఆయన ఒక్కడే. పబ్లిక్ ప్రాసిక్యూటరు ఆయన్ను నిలబెట్టి, ముద్దాయి వచ్చినప్పుడు చేతిలో కొడవలి ఉందా అని అడిగాడు.

"ఉండాది సామీ. తెల్లారినప్పట్నించీ దాంతోనే మేత కోస్తా ఉండె. మోపు గట్టు మీద పడేసి, అట్నే వచ్చినాడు" అన్నాడు ముసలాయన.

సాక్షి తెలుగులో చెప్పింది జడ్జి గారు విని, క్లుప్తం చేసి, ఇంగ్లీషులో టైపిస్టుకు చెబుతారు. అది కాగితం మీద పడుతుంది. రేపు తీర్పుకు గాని, హైకోర్టులో అప్పీలుకు గాని, ఆ కాగితమే సాక్ష్యం. నోటితో అన్నది గాలికి పోతుంది. జడ్జి గారు చెప్పారు: ముద్దాయి చేతిలో కొడవలితో అక్కడికి వచ్చాడు. టైపు మిషను టకటక కొట్టింది, ఆగింది. తరువాతి ప్రశ్న.

మేత మాట కాగితం మీద పడలేదు. కావాలని వదిలింది కాదు. ముసలాయన ప్రతి ప్రశ్నకూ పది మాటలు చెబుతున్నాడు. జడ్జి గారు వాటిని ఒక వాక్యంగా కుదిస్తున్నారు. కుదింపులో అది జారింది. లేవాలనుకున్నాను. కాళ్లు లేవలేదు. ఫరవాలేదు, నా వంతు వచ్చినప్పుడు అదే అడుగుదాం, అప్పుడు రాస్తారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

నా వంతు వచ్చింది. లేచి, కాగితం చూసి, మొదటి ప్రశ్న అడిగాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. రెండోది అడిగాను. కాగితం మీది నుంచి కన్ను తీస్తే పడిపోతానన్న భయంతో, రాసుకున్నవన్నీ వరుసగా, ఒక్కటీ వదలకుండా అడిగాను. అయిపోగానే, బావిలో నుంచి పైకి వచ్చినవాడిలాగా ఊపిరి పీల్చుకొని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది. అడగవలసిన మేత సంగతి ఆ కాగితంలో లేదు. అది ముసలాయనకు తెలుసని నాకు ముందు తెలియదు కాబట్టి, ఈ పొద్దు పుట్టిన ప్రశ్న.

బోనులో మనిషి ఇంకా నన్నే చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. మేత మాట సాక్షి నోటి వెంట రానే వచ్చింది, ఇంక గండం గడిచిందని అనుకుంటూ ఉన్నాడు. ఆ ముఖంలో ఊరట కనిపించింది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అదిగో, ఆ ఊరటను చూసి.

బెంచి గుమాస్తా టైపు కాగితం సాక్షి ముందర పెట్టి, వేలిముద్రకు సిరా డబ్బా తెరిచాడు. కాగితం అడుగున 'చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకున్నాడు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ముందే ఉంటుంది. చదవరు. వినిపించరు. పొద్దుపోతుందని ఆ కాలంలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేనూ మూడేళ్లుగా చూస్తూ ఉన్నదే. కానీ చదవాలని చట్టంలో ఉంది. నగరి గ్రంథాలయంలో అడుగు అరలోని పుస్తకంలో, కుడి పక్క పుటలో, పైనుంచి మూడో వంతులో ఉంది. ఆ పుట నా కళ్ల ముందర నిలబడింది.

ఎట్లా లేచానో తెలియదు. లేచిన తరువాత కుర్చీ వెనక్కి పడిన చప్పుడు విన్నాను. సాక్ష్యాన్ని సాక్షికి చదివి వినిపించాలని కోరుతున్నాను, సెక్షను మూడువందల అరవై ప్రకారం, అన్నాను.

టైపిస్టు తల ఎత్తి నన్ను చూశాడు. మొదట నాకర్థం కాలేదు. తరువాత అర్థమైంది. భయంలో నోటికి వచ్చేది మొదట నేర్చుకున్నదే. నేను చెప్పింది పాత కోడు అంకె.

ప్రాసిక్యూటరు నా వైపు వంగి, చిన్నగా, అందరికీ వినిపించేటట్లు అన్నాడు: "ఆ కోడుకు కర్మాంతరం కూడా ఐపొయిందప్పా. నువ్వింకా యాడుండావు?"

వెనక బెంచీల్లో నవ్వులు. కూర్చుందామనుకున్నాను. కానీ కుర్చీ పడిపోయి ఉంది. వంగి దాన్ని ఎత్తుకోవడానికి కూడా ధైర్యం చాలక నిలబడ్డాను. సీనియరు వకీలు మాటలు, నెలాఖరు గడువు, మగ్గం గుంట, అన్నీ ఒకేసారి తలలో తిరిగాయి.

జడ్జి గారు నవ్వలేదు. కొత్త కోడు తెరిచి, కాసేపు వెతికారు. ఆ వెతుకులాట నాకు ఎంత పొడుగుగా తోచిందో చెప్పలేను. "రెండువందల డెబ్భై ఎనిమిది" అన్నారు చివరకు, నాతో కాదు, పుస్తకంతో అన్నట్లు. బెంచి గుమాస్తా వైపు తిరిగి, చదివి తెలుగులో చెప్పమన్నారు.

గుమాస్తా విసుగ్గా ఒక్కో వాక్యం చదువుతూ తెలుగు చేశాడు. ముసలాయన ఆ, ఆ అంటున్నాడు. కొడవలి వాక్యం వచ్చింది. దాటిపోయింది. ముసలాయన ఆ అన్నాడు. గుమాస్తా తరువాతి వాక్యం సగంలో ఉండగా ముసలాయన చెయ్యెత్తాడు.

"ఉండు సామీ. మేత కోస్తా ఉండెనని చెప్తిని గదా. అది రాలే?"

జడ్జి గారు ప్రాసిక్యూటరును చూసి, సాక్షి ఆ మాట అన్నాడా అని అడిగారు. నన్ను నవ్వులపాలు చేసిన మనిషే, క్షణం కూడా ఆలోచించకుండా, అన్నాడని చెప్పాడు. జడ్జి గారు టైపిస్టుతో ఒక వాక్యం చేర్పించి, పక్కన పొడి సంతకం పెట్టారు. వెంటనే తరువాతి సాక్షిని పిలవమన్నారు. నా వైపు చూడలేదు. ఆ తరువాత వచ్చిన ప్రతి సాక్షికీ, డాక్టరుకు కూడా, మొత్తం చదివించారు. విచారణ రెండో రోజు చీకటిపడే వేళ దాకా సాగింది. బెంచి గుమాస్తా, టైపిస్టు, బంట్రోతు అందరూ నన్ను కళ్లతోనే తిట్టారు. జడ్జి గారు చట్టాన్ని పాటిస్తున్నారో, నాకు బుద్ధి చెబుతున్నారో నాకు తెలియలేదు.

తీర్పు ఆ శుక్రవారం. హత్యాప్రయత్నం రుజువు కాలేదన్నారు. ఆయుధంతో గాయపరచినందుకు ఏడాది శిక్ష, జైల్లో గడిపిన రోజులు అందులో తీసివేయాలన్నారు. ముద్దాయి చేతులు జోడించాడు. జడ్జి గారికో, నాకో, తెలియదు. ముద్దాయి భార్య కోర్టు మెట్ల మీద కూర్చొని ఇంకా ఎన్ని నెలలో వేళ్ల కణుపుల మీద లెక్కబెట్టుకుంటూ ఉంది. నేనూ ఆమె పక్కన కాసేపు కూలబడ్డాను. ఆమె వేరుసెనక్కాయల మూట విప్పి నా ముందర పెట్టింది. ఇద్దరం తిన్నాం. లోపలికి పోయి ఒక సంతకం తీసుకోవాలి, వచ్చి మాట్లాడతా ఉండమ్మా అని ఛాంబరుకు పోయాను.

జడ్జి గారు కాగితం తీసుకొని కలం మూత విప్పారు. సంతకం పెట్టకుండా ఆగారు.

"ఒకటి చెప్పండి. ఈ కుర్చీలో మీరుంటే ఆ మనిషికి ఎంత వేసేవారు?"

వకీలుగా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఆయన అడిగింది వకీలును కాదు. గట్టు మీద గడ్డిమోపు ఉన్నది నిజమే. రాయి తీసుకొనుందును అన్న మాటా నిజమే. రెండూ చేతుల్లో పెట్టుకొని చూశాను. ఏ పుస్తకంలో ఏ పుటా కళ్ల ముందుకు రాలేదు. తెలియదు సార్ అన్నాను. అనగానే, ఇంక పోయింది అనుకున్నాను.

"ముందు మూడేళ్లు రాశానండీ. కొట్టేసి ఏడాది చేశాను. పొద్దున చదువుతున్నప్పుడూ నమ్మకం లేదు. అప్పీలుకు గడువుంది. ఆయనచేత వేయించండి."

అంతే అన్నారు. సంతకం పెట్టి, అద్దుడు కాగితం అద్ది, నా చేతికిచ్చారు.

మెట్ల మీద ఆమె అక్కడే ఉంది. అప్పీలు వేస్తే శిక్ష ఇంకా తగ్గవచ్చని, ఖర్చు పడకుండా చూస్తానని చెప్పాను. ఆమె వద్దంది.

"మళ్లా ఇంగొక జడ్జి ముందర నిలబెట్టాల్నా సామీ? ఆయప్ప మనసు ఎట్లుంటాదో. ఈయప్పకాడికే పానం సగమైపాయె."

గడువు ఉందమ్మా, ఆలోచించి చెప్పండి అన్నాను. ఆమె నా చేతిలోని కాగితాన్ని చూసి, అది కూడా కేసు కాగితమేనా అని అడిగింది. కాదు, నేను జడ్జి పరీక్షకు కట్టే కాగితం అని చెప్పాను. జడ్జి అన్న మాట నా నోటితో అన్నప్పుడు నాకే కొంచెం సిగ్గనిపించింది.

ఆమె వేరుసెనగ పొట్టు దులుపుకొని లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకొంది. రెండు మెట్లు కిందికి దిగి పక్కకు జరిగింది. కూర్చోమ్మా అన్నాను. కూర్చోలేదు. ఫరవాలేదు కూర్చోమని మళ్లీ అన్నాను. తల వంచుకొని, పోయిరాండి సామీ అంది. అంతదాకా నాతో అనని బహువచనం.

పోస్టాఫీసు మూసే వేళవుతున్నది. కాగితాన్ని మడత పడకుండా ఫైలులో పెట్టుకొని మెట్లు దిగాను. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఇంకా అట్లాగే నిలబడి ఉంది.